ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందా?

"నోట్లో పుండుకి బయాప్సీ చేయించుకోకండి, కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది. పసుపు, తేనె రాస్తే చాలు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటే దవడ తీసేసి ముఖం పాడుచేస్తారు." గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ మెసేజ్ ప్రాణాల మీదకు తెస్తుంది.

ముందు కత్తి సంగతి. బయాప్సీ అంటే మత్తు సూది వేసి, పుండు అంచు నుంచి శనగగింజ కన్నా చిన్న ముక్క తీస్తారు. అవసరమైతే ఒకటో రెండో కుట్లు. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో ల్యాబుకి వెళ్తుంది, పాథాలజిస్టు (కణాలను పరీక్షించే డాక్టరు) మైక్రోస్కోపు కింద కణాలను చూస్తారు. క్యాన్సరో కాదో తేల్చేది అదే. స్కాన్ ఎంతవరకు పాకిందో చూపిస్తుంది గానీ ఆ పుండు ఏమిటో ఖాయంగా చెప్పలేదు. మరి "ముక్క తీశాకే ముదిరింది" అని ఎందుకంటారు? చాలామంది నెలల తరబడి నాన్చి, మింగుడు పడనప్పుడు వస్తారు. అప్పటికే మెడలో గడ్డ ఉంటుంది. జబ్బు పరీక్షలో బయటపడుతుంది, నింద పరీక్ష మీద పడుతుంది.

పసుపు రాస్తూ కూర్చుంటే పోయేది సమయం. మొదట్లో నొప్పే ఉండకపోవచ్చు. రెండు వారాలైనా మానని పుండు, ఎర్ర మచ్చ, గీకినా పోని తెల్ల మచ్చ ఉంటే వెంటనే చూపించుకోవాలి. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లకు ఇంకో గుర్తు చెబుతాను. చిన్నప్పటి నుంచి గుంటూరు కారం తిన్న మనిషికి ఉన్నట్టుండి పచ్చడి ముద్ద నోట్లో పెట్టగానే భగ్గుమంటుంది. తర్వాత నోరు బిగుసుకుపోయి మూడు వేళ్లు నిలువుగా పట్టవు. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది.

ఆపరేషన్ మాటకొస్తే, ఎముకలోకి పాకితే దవడ కొంత తీయాల్సి రావడం నిజమే. అయితే కాలిలోని ఫిబులా ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి దవడగా అమర్చడం 1989 నుంచీ ఉంది. కొందరికి దాని మీద పళ్లు కూడా కట్టొచ్చు. తొలి దశలోనే వస్తే అంతదాకా పోకపోవచ్చు. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనం చూడండి: తొలి దశలో పుండుతో పాటే మెడలోని లింఫు గ్రంథులూ (క్యాన్సర్ ముందుగా పాకేది సాధారణంగా వాటికే) తీయించుకున్నవాళ్లలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. పుండు మాత్రమే తీయించుకుని, గ్రంథుల ఆపరేషన్‌కి మెడలో గడ్డ కనిపించేదాకా ఆగినవాళ్లలో 67.5 శాతమే.

అనుమానం ఉంటే విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఉంది. ఈ వారమే వెళ్లి చూపించుకోండి.