ఇంక్యుబేటర్ ఇవ్వలేనిది

పెరట్లో పెట్ట పొదిగిన పిల్ల ఒకట్రెండు రోజుల్లోనే తల్లి వెంట పడి పెంటకుప్ప గీకడం మొదలుపెడుతుంది. తల్లి రెట్టను కూడా పొడుస్తుంది. మనకు రోతగా ఉంటుంది గానీ, పేగులకు కావలసిన బ్యాక్టీరియా దానికి అలాగే చేరుతుంది. హేచరీ పిల్లకు ఆ భాగ్యం లేదు. 21 రోజులు మెషీన్‌లో ఉండి, తల్లి ముఖం చూడకుండానే పెట్టెలో ఫారానికి చేరుతుంది. అప్పటికి దాని పేగు దాదాపు ఖాళీ. బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు, ముందొచ్చిన క్రిమిదే చోటు.

ఫిన్లాండ్‌లో 1970ల మొదట్లో బ్రాయిలర్ కోళ్లలో సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా ప్రబలింది. నుర్మి, రంటాలా అనే పరిశోధకులు పెద్ద కోళ్ల పేగుల్లోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టించారు. ఆ తర్వాత సాల్మొనెల్లా ఇచ్చినా చాలావాటిలో అది నిలదొక్కుకోలేదు. 1973లో ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో వచ్చిన సంగతి ఇది.

పసికూనలకు రోగనిరోధక శక్తి తక్కువ, అందుకే జబ్బు పడతాయని మనం సులువుగా అనేస్తాం. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఎలుకల అధ్యయనం ఆ మాటను సగానికి తగ్గించింది. పేగుల్లో ఏ క్రిమీ లేకుండా పెంచిన పెద్ద ఎలుకలకు పసి ఎలుకల బ్యాక్టీరియా ఎక్కించారు. ఒళ్లు పెద్దదే, అయినా వ్యాధికారక క్రిములు పేగుల్లో తిష్ఠ వేయకుండా ఆ బ్యాక్టీరియా ఆపలేకపోయింది. అందులో లోపించింది క్లోస్ట్రిడియా అనే బ్యాక్టీరియా వర్గం. దాన్ని అందిస్తే పసి ఎలుకలు కూడా ఇన్ఫెక్షన్‌ను తట్టుకున్నాయి. బాక్టీరాయిడ్స్ అనే మరో వర్గం బ్యాక్టీరియా ఇస్తే ఆ రక్షణ రాలేదు.

గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది దూరపు సంగతి కాదు. పిల్లలు దిగగానే నీళ్లలో యాంటీబయాటిక్ కలపడం మన ఫారాల్లో కొత్తేమీ కాదు. పశువులు, కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. మంచిదే. కానీ ఒక మందు తీసేస్తే ఖాళీ పేగు ఖాళీగానే ఉంటుంది కదా. రైతును తప్పుపట్టను, బ్యాచ్ పోతుందేమోనన్న టెన్షన్ అతనిది. అలాగని పెద్ద కోళ్ల రెట్ట నేరుగా పట్టిస్తే కొత్త రోగాలు అంటుకోవచ్చు. పరీక్షించిన బ్యాక్టీరియానే ఇవ్వాలి, అదీ హేచరీలో, పెట్టెలు లారీ ఎక్కకముందే. పారుడు మొదలయ్యాక షాపుకు పరుగెత్తి ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) ప్యాకెట్ తెస్తే, అప్పటికే సీటు మీద వేరేవాడి తువ్వాలు ఉంటుంది.