మహారాజశ్రీ ఆల్కలినిటీ డబ్బా గారికి

పగడాలు పెరిగే మా అక్వేరియంలో ఆల్కలినిటీ, అంటే నీళ్ళ క్షారగుణం, తగ్గకుండా కాపాడే సోడా ద్రావణం మోసే మహారాజశ్రీ ఆల్కలినిటీ డబ్బా గారి సముఖానికి, ఆ అక్వేరియం స్టాండు కింద మోకాళ్ళ మీద కూర్చుని మీ సేవ చేసుకునే దాసుడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం. పగడాల సంగతి ఇంకా తేలలేదు. నా మోకాళ్ళ సంగతి అడక్కండి.

నిన్న శనివారం మధ్యాహ్నం రెండింటికి టెస్ట్ కిట్ తీశాను. గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని చుక్కలు వేస్తూ లెక్కపెట్టాను. నీలం పసుపుగా మారడానికి ఎప్పుడూ ఎనిమిదో తొమ్మిదో చుక్కలు పట్టేవి. నిన్న ఐదో చుక్కకే పసుపైంది. గొట్టం కడిగి మళ్ళీ చేశాను. మళ్ళీ ఐదే. ఎన్ని చుక్కలైతే అంత డీకేహెచ్, అంటే నీళ్ళలో మీ కొలత. ఎనిమిదిన్నర ఉండాల్సిన డీకేహెచ్ ఐదుకు పడిందంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పైగా నాలుగింటికి రెండు కుటుంబాలు టీకి వస్తున్నాయి, "మీ అక్వేరియం చూడాలండీ, పిల్లలు ఒకటే గొడవ" అని. ఆ టెన్షన్‌లో మిమ్మల్ని 150 మిల్లీలీటర్లు కొలిచి ఒక్కసారే పోశాను. ఎక్కడ? డోసర్, అంటే మందులు దానంతటదే పోసే పంపు, అప్పుడే కాల్షియం వదిలిన నీళ్ళ అరలో.

మీరేం చేశారు? మజ్జిగ చేశారు.

ముందు పాయలా తెల్లగా కదిలింది. తర్వాత పొగమంచు. ఐదు నిమిషాల్లో వెనక గోడ కనిపించలేదు, పది నిమిషాల్లో చేపలు కనిపించలేదు. నాలుగింటికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన అద్దం దగ్గర కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "పాలు విరిగినట్టున్నాయండీ" అన్నారు. పిల్లలు మాత్రం బాగుందన్నారు. వాళ్ళకి మంచు పడుతున్నట్టుందట. డాలస్‌లో మంచు కరువు కదా.

తప్పు నాది కాదా అంటే, నాదే. మీరూ కాల్షియమూ తోడికోడళ్ళ లాంటివారని ఈ పని మొదలుపెట్టిన వాడికెవడికైనా మొదటి రోజే తెలుస్తుంది. చెరో మూల ఉంటే ఇల్లు నడుస్తుంది. ఎదురుపడ్డారా, సుద్దే. పండక్కి ఇద్దరికీ ఒకే ధర చీర కొన్నట్టు మీకు 43 మిల్లీలీటర్లు పోస్తే ఆవిడకూ 43 పోయాలి, రోజూ. పగడాలు 2.8 డీకేహెచ్ మిమ్మల్ని తింటే దాదాపు 20 పీపీఎం (పదిలక్షల పాళ్ళలో ఇరవై) ఆవిడను తింటాయి. ఈ పంపకం నాలుగేళ్ళుగా చేస్తున్నాను. ఒక్క శనివారం చెయ్యి తొందరపడినందుకు అంత అల్లరి చేయాలా?

సరే, అది వదిలేద్దాం. నేను వదల్లేనిది వేరే ఉంది.

నాలుగేళ్ళ కిందట మీరు మా ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు ఒక మాటిచ్చారు. "దుకాణం సీసాలకు ముప్ఫై, నలభై డాలర్లు ఎందుకు తగలేస్తావు? ఒక సంచి వంట సోడా, ఒక సంచి కాల్షియం క్లోరైడ్ ఉంటే చాలు. గ్యాలన్ డాలరు పైచిలుకులో తయారవుతుంది" అన్నారు. నమ్మాను. కొలతలు కూడా దొంగవి కావు. ర్యాండీ హోమ్స్-ఫార్లీ అనే రసాయన శాస్త్రవేత్త 2006లో అందరికీ ఉచితంగా ఇచ్చేసినవి. 594 గ్రాముల వంట సోడా ఓవెన్‌లో 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు కాల్చి గ్యాలన్ నీళ్ళలో కలపాలి. అటువైపు 500 గ్రాముల కాల్షియం క్లోరైడ్, ఇంకో గ్యాలన్. ఆయన పాపం సరిగ్గానే చెప్పారు. ఆ 594 గ్రాములు తూయడానికి నాకు త్రాసు లేదన్న సంగతి ఆయనకేం తెలుసు?

త్రాసు కొన్నాను. చేత్తో పోస్తే ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా అవుతోందని డోసింగ్ పంపు కొన్నాను. పంపు ఎంత పోస్తోందో నమ్మకం లేక కొలగొట్టం కొన్నాను. చుక్కల కిట్ రంగు మా ఇంటి ట్యూబ్‌లైటు కింద తేలడం లేదని అంకె చూపించే మీటరు కొన్నాను. ఆ మీటరు ఒకనాడు విచిత్రమైన అంకె చూపిస్తే, దాన్ని సరిచూడటానికి మళ్ళీ చుక్కల కిట్ కొన్నాను. మిమ్మల్ని కాల్చిన ట్రేలో ఇక కేకు చేయనని మా ఆవిడ తేల్చి చెబితే ట్రే కొన్నాను. ట్రేలు రెండు రకాలయ్యాక అవి కలవకుండా గరాజ్‌లో అర కొట్టించాను. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటారు. మా ఇంట్లో కోడి ఇంకా డాలరు పైచిలుకే, మసాలా మాత్రం లెక్క రాయడం మానేశాను. లెక్క రాసుకున్న పుస్తకం ఆవిడ కంట పడిన రోజు నుంచి.

మొదటిసారి కాల్చిన రోజు ఆవిడ త్రాసు పక్కనే నిలబడింది. లోపలికి 594 పెడితే బయటికి 375 వచ్చింది. "మిగతా 219 గ్రాములు ఎవరు తిన్నారు?" అంది. నీళ్ళూ కార్బన్ డయాక్సైడూ అయి గాల్లోకి పోయాయని చెప్పాను. అలా పోవాలి కూడా, పోతేనే అది చాకలి సోడా అయినట్టు. ఆవిడ చాలాసేపు ఓవెన్ వైపు చూసి, "పదేళ్ళయినా ఇడ్లీ పిండిలో సోడా ఎంత వేయాలో మీకు తెలీదు. పగడాలకైతే గ్రాముల్లో తెలుసు" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

కాల్షియం గారి మీద కూడా నాలుగు మాటలుండాలి గానీ ఆవిడకు విడిగా రాస్తాను. స్విమ్మింగ్ పూల్ సామాన్ల దుకాణంలో కొనుక్కొచ్చిన సంచి నోరు సరిగా కట్టకుండా వదిలేస్తే, గాల్లో తేమంతా తాగి వారానికల్లా గరాజ్ నేల మీద జిగురు మడుగైంది. నీళ్ళలో పోస్తే గిన్నె ముట్టుకోనివ్వదు, అంత వేడి. మెగ్నీషియం అని మూడో డబ్బా ఒకటుంది. దూరపు చుట్టంలా నెలకోసారి గుర్తొస్తుంది, గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఇక మీ గొట్టం చివర రోజూ పేరుకునే ఆ తెల్ల పెచ్చు సంగతి. ఒకరోజు గోరుతో గీకాను. మీకు గిట్టలేదేమో, మర్నాడు గొట్టం పూర్తిగా మూసుకుపోయింది.

కానీ నిన్న రాత్రి నీళ్ళు తిప్పే మోటారు ఆగిపోవడం మాత్రం క్షమించలేను. తొమ్మిదింటికి చుట్టాలు వెళ్ళారు, నీళ్ళు కొంచెం తేటపడ్డాయి, హమ్మయ్య అనుకున్నాను. పదింటికి గుర్రుమని చప్పుడు. ఆ తర్వాత చప్పుడే లేదు. మోటారు విప్పి చూస్తే లోపలి చక్రం గుండ్రంగా సున్నం కొట్టిన గోడలా ఉంది. హీటరు కూడా అంతే. రాత్రి పన్నెండు దాకా వంటింటి సింకు దగ్గర నిలబడి, వినిగర్ గిన్నెలో దాన్ని నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోముతూనే ఉన్నాను. బుసబుస పొంగుతుంటే చూస్తూ ఒక్కటే అనుకున్నాను. నిన్ను నేనే తూచి, నేనే కాల్చి, నేనే కలిపి, నేనే పోసి, ఇప్పుడు నేనే గీకుతున్నాను. డబ్బులిచ్చి పిలిపించుకున్న పనివాడికైనా ఇంత చాకిరీ ఉండదు. నీకు సిగ్గుందా? "ఇంట్లో చేసుకున్నది" అని పేరు పెట్టుకుని ఇల్లంతా నీదే చేసుకున్నావు. ఓవెన్ నీది, గరాజ్ అర నీది, శనివారం నీది. సముద్రానికి ఇవేమీ లేవు. ఏడు దరిదాపుల్లో డీకేహెచ్, 410 దాటిన కాల్షియం, ఎవడూ ట్రే పెట్టకుండా యుగాల తరబడి నడుస్తోంది. నువ్వొక్క 75 గ్యాలన్ల తొట్టిలో బుద్ధిగా ఉండలేవా?

మర్యాద తప్పాను. ఉండనీ.

తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చిన మా అమ్మకు ఈ తోముడు చప్పుడుకు మెలకువ వచ్చినట్టుంది. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. వచ్చిన మొదటి వారమే "కుజుడికి ఉంగరంలో ఒక్క పగడం చాలదురా, ఇన్నెందుకు?" అని అడిగిన మనిషి. వినిగర్‌లో పొంగుతున్నదేమిటని అడిగింది. చెప్పాను. ఈ డబ్బాలు, కాల్చడం, కలపడం, పగడం వాటిని తిని రాయి కట్టుకోవడం, అంతా చెప్పాను. మొత్తం విని అంది: "మా చిన్నప్పుడు గుల్లలు బట్టీలో కాల్చి సున్నం చేసేవాళ్ళు. నువ్వు సున్నం పోసి గుల్లలు చేస్తున్నావా?"

నాలుగేళ్ళు చదివి నేను తెలుసుకున్నది సరిగ్గా అదే. ఆవిడ తాంబూలంలోకి రాసుకునే సున్నాన్నే నీళ్ళలో తేర్చి, కాల్క్‌వాసర్ అని జర్మన్ పేరు పెట్టి, తొట్టిలో చుక్కచుక్కగా వదిలేవాళ్ళు కూడా మాలో ఉన్నారని చెబితే ఇంకేమంటుందోనని చెప్పలేదు.

ఇవాళ పొద్దున్నే కొత్త కిట్ కొనుక్కొచ్చాను. పదకొండు చుక్కలు. పాత సీసా చూస్తే మూత సగమే పెట్టి ఉంది. లోపల మందు ఆవిరై చిక్కబడి, అందుకే ఐదు చుక్కలకే పని ముగించేసింది. అంటే నిన్న మధ్యాహ్నం రెండింటికి నువ్వు ఎనిమిదిన్నర దగ్గర నీ మానాన నువ్వున్నావు. పడిపోయింది నువ్వు కాదు. అయినా క్షమాపణ చెప్పను. చెబితే నా నలభై డాలర్ల మీటరు డ్రాయర్లో ఉండగా చుక్కల కిట్‌నే ఎందుకు నమ్మానని మా ఆవిడ అడుగుతుంది. దానిలో బ్యాటరీ లేదని నీకు మాత్రమే చెబుతున్నాను.

డోసర్ ఆపేశాను. రెండు మూడు రోజుల్లో అదే దిగుతుంది. రాత్రి నీలం లైటు వేసి చూస్తే యాక్రోపోరా అనే కొమ్మల పగడం మళ్ళీ నూగు విప్పింది, అన్ని కొమ్మలూ కాదు గానీ చాలావరకు. బొటనవేలంత ముక్కగా వచ్చింది అది. ఇప్పుడు రెండు పిడికిళ్ళంత. ఆ రాయిలో సగం మా ఓవెన్లోంచి, సగం పూల్ దుకాణంలోంచి వచ్చిందే కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే.

బుధవారానికి నువ్వు నిండి ఉండాలి. వారం మధ్యలో నాకు తీరిక ఉండదు. అందుకని ట్రే దించాను, త్రాసు పెట్టాను. అమ్మ ఎదురుగా కూర్చుని అంకె మీద కళ్ళు పెట్టింది. 593 దగ్గర నేను ఆగాను.

"ఇంకో చిటికెడు" అంది.

వేశాను. 595 అయింది. కొంచెం తీశాను.

ఇట్లు,
నీ వంటవాడు