కీమన్ చెవులే సేఫ్టీ సిస్టమ్ అనుకుంటే ఎలా?

ట్రాక్ మీద పని చేస్తూ రైలు ఢీకొని గ్యాంగ్‌మన్ మృతి అని జిల్లా పేజీలో ఓ మూల నాలుగు లైన్ల వార్త వస్తుంది. అందులో "రైలు రావడం గమనించకపోవడంతో" అనే ముక్క కనబడగానే నాకు ఒళ్లు మండిపోతుంది. గమనించాల్సింది అతనొక్కడేనా?

మా మేనమామ కీమన్‌గా చేసి రిటైరయ్యాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కీమన్ అంటే తన బీట్‌లో, అంటే తనకి అప్పజెప్పిన దూరంలో, ఉన్న పట్టాలన్నీ రోజూ నడిచి చూసుకునే మనిషి. సుత్తి, స్పానర్, ఎర్రజెండా, పచ్చజెండా, సంచిలో డిటోనేటర్లు (పట్టా మీద పెడితే చక్రం కింద పేలి డ్రైవర్‌ని హెచ్చరించే టపాకాయల్లాంటివి) అన్నీ మోసుకుంటూ ఒక్కడే వెళ్తాడు. పట్టాని స్లీపర్‌కి పట్టి ఉంచే క్లిప్ బయటికి జరిగినట్టు కనిపిస్తే వంగి, సుత్తితో దెబ్బ మీద దెబ్బ వేసి దిగ్గొట్టాలి. అప్పుడు చూపంతా క్లిప్ మీదే, చెవుల నిండా సుత్తి మోతే. పక్క లైన్లో గూడ్స్ పోతుంటే ఇక చెప్పక్కర్లేదు, ఆ రొదలో ఈ లైన్లో వచ్చే ఎక్స్‌ప్రెస్ హారన్ ఏం వినిపిస్తుంది? మామయ్య అన్నిటికంటే ఎక్కువ భయపడింది దీనికే, ఒక బండికి దారి ఇద్దామని పక్కకి జరిగితే ఆ పక్క లైన్లో ఇంకోటి వచ్చేస్తుందని.

2022 సెప్టెంబర్‌లో దక్షిణ మధ్య రైల్వే విజయవాడ–గూడూరు లాంటి సెక్షన్లలో స్పీడు గంటకి 130 కిలోమీటర్లకి పెంచింది. సంతోషమే, మనమూ తొందరగా ఇల్లు చేరతాం. కానీ 130 అంటే సెకనుకి 36 మీటర్లు. మలుపు దగ్గర అర కిలోమీటరు దూరంలో బండి కనబడితే 14 సెకన్లు కూడా ఉండవు. అంతలోనే సామాను ఏరుకుని, కంకర మీద కాలు జారకుండా పక్కకి తప్పుకోవాలి. పైగా ఇప్పటి ఎలక్ట్రిక్ ఇంజన్లు పాత డీజిల్ బండ్లలా దూరం నుంచే చప్పుడు చేయవు.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. పట్టా విప్పే పనైతే లైన్ బ్లాక్ తీసుకోవాలి, అంటే ఆ లైన్లో బండ్లు ఆపించాలి, 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు పెట్టాలి. అయితే ఆ డిటోనేటర్లు బండిని కాపాడటానికి! గుంపుగా పని చేసే గ్యాంగ్‌కైనా బండి వస్తోందని చూసి చెప్పే లుకౌట్ మ్యాన్ ఉంటాడు, ఒంటరిగా నడిచే కీమన్‌కి ఎవరున్నారు?

వేల్స్‌లోని మార్గమ్ దగ్గర 2019 జూలై 3న ఇద్దరు ట్రాక్ వర్కర్లు రైలు ఢీకొని చనిపోయారు. మెషీన్ మోత, చెవులకి ఇయర్ డిఫెండర్లు, ఇంక బండి శబ్దం ఎక్కడ వినిపిస్తుంది? ఆ తర్వాత అక్కడి రైల్వే భద్రత చూసే రెగ్యులేటర్, పట్టాలు నడిపే నెట్‌వర్క్ రైల్ సంస్థకి నోటీసులిచ్చింది, బండ్లు తిరుగుతుండగానే కాపలాకి ఓ మనిషిని నిలబెట్టి పని చేయించే పద్ధతిని అక్కడ బాగా తగ్గించారు. మన దగ్గర ఎవరైనా పోతే కింద నుంచి ఒకళ్ల సంజాయిషీ తీసుకుని ఫైల్ మూసేస్తారని నా అనుమానం.

రైళ్లకి ఆటోమేటిక్‌గా బ్రేకులేసే కవచ్ ఉందిగా అంటారు కొందరు. బాబూ, అది బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూసేది, సుత్తి పట్టుకుని వంగిన మనిషి దానికి కనబడడు. కీమన్ కోసం రక్షక్ అనే పరికరం వేరే ఉంది. స్టేషన్ నుంచి బండి బయలుదేరితే చేతిలోని డబ్బా మోగి, వణికి చెప్తుంది. ఇది కొన్ని చోట్ల ఇచ్చారు. జీపీఎస్ ట్రాకర్లు మాత్రం కీమన్‌లకి ముందే అందాయి, సరిగ్గా నడుస్తున్నాడో లేదో ఆఫీసులో కూర్చుని చూడటానికి.

రక్షక్ ప్రతి బీట్‌కీ ఇవ్వండి. అది పని చేయని చోట, మలుపుల్లో, మూడు లైన్లున్న సెక్షన్లలో ఒంటరిగా పంపకండి, రెండో మనిషిని ఇవ్వండి. ఖాళీలున్నాయి, మనుషుల్లేరు అంటారా? అయితే ఆ పోస్టులు నింపండి, దానికి నన్నేం చేయమంటారు.