‘నేనే’ అన్నప్పుడు ఆ పది నిమిషాలు ఇవ్వండి

మూడేళ్లు వస్తున్నాయనగా పిల్లల నోట ఒక మాట మొదలవుతుంది: ‘నేనే’. నేనే తింటా, నేనే గుండీలు పెట్టుకుంటా, లైటు నేనే ఆపుతా. పొరపాటున మనం ఆపేస్తే, మళ్లీ వేసి తన చేత ఆపించేదాకా ఏడుపు. దానికి మనం పెట్టిన పేరు మొండితనం. చుట్టాలొస్తే మాత్రం రైమ్స్ చెప్పించి, ఏబీసీడీలు ఒప్పజెప్పించి ‘మావాడు ఎంత ఎదిగిపోయాడో’ అని మురిసిపోతాం. నాకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. రైమ్ వింటే వచ్చేస్తుంది. ‘నేనే’ లోపలినుంచి రావాలి, వచ్చినప్పుడు మనం దారివ్వాలి.

అన్నం సంగతే చూడండి. ఐదేళ్లొచ్చినా ఫోనులో వీడియో పెట్టి నోట్లో ముద్దలు కుక్కుతున్న ఇళ్లు ఎన్ని లేవు! మూడేళ్లకే కంచం ముందు పెడితే చక్కగా నేర్చుకుంటారు. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు కంచం, కింద పాత దుప్పటి ముక్క. అన్నం కాస్త మెత్తగా వండి చిన్న గరిటెడే పెట్టండి, కుప్ప చూస్తేనే బెదిరిపోతారు. ముద్దపప్పు, నెయ్యితో మొదలుపెడితే మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద నిలుస్తుంది. చారుతో మొదలుపెడితే అంతా వేళ్ల సందుల్లోంచి జారిపోయి, రెండో రోజుకే ‘నువ్వే పెట్టు’ అంటారు. తాలింపులో ఎండుమిరప ముక్కలు ముందే ఏరేయాలి. ఒక్కటి నాలుక మీద పడిందంటే వారం రోజులు కంచం దగ్గరికి రారు.

మొదట్లో పిడికిలితో పిసుకుతారు, అరచెయ్యంతా పప్పే. కొన్ని వారాలకు పని వేళ్ల కొసలకు వస్తుంది. బొటనవేలితో ముద్దను నోట్లోకి తోయడం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. సరిగ్గా అది రాబోయే ముందే మనకు ఓపిక నశించి చెయ్యి పెట్టేస్తాం. అరగంట దాటితే ఇక అది తిండి కాదు, ఆట. కంచం తీసేయండి, తిట్టక్కర్లేదు.

మాటల్లో ఎదుగుదల మరీ ముచ్చట. మూడేళ్ల పిల్లకి జరిగిపోయినదంతా ‘నిన్న’, పోయిన సంక్రాంతి కూడా నిన్నే. రాబోయేదంతా ‘రేపు’. ‘నాలుగు రోజులాగి’ అంటే వాళ్లకు అందదు. ‘రెండుసార్లు పడుకుని లేస్తే అమ్మమ్మ వాళ్లూరు’ అని చెప్పి చూడండి, పొద్దున్నే లేచి ఒక వేలు మడిచి చూపిస్తారు. ఇంకొకటి చాలామంది గమనించరు. ‘మేము వెళ్తున్నాం’, ‘మనం వెళ్తున్నాం’ అనే తేడా పిల్లలకు పట్టుబడే రోజు. వింటున్న మనిషి తమతో వస్తున్నాడా లేదా అన్నది తలచుకుంటేగానీ ఆ రెంటిలో ఒకటి ఎంచుకోలేరు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. పక్కింటావిడతో ‘మేము ఊరెళ్తున్నాం’ అని, వెంటనే నాన్న వైపు తిరిగి ‘మనం ఎప్పుడెళ్తాం?’ అన్న పిల్ల ఎంత పెద్ద లెక్క కట్టిందో ఆలోచించండి.

ఎదుటివాళ్ల మనసును ఊహించే ఈ శక్తినే హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో ఒక కథతో పరీక్షించారు. పిల్లాడు చాక్లెట్ ఒక అలమారలో పెట్టి వెళ్తాడు, వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమారలోకి మారుస్తుంది. వచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లు చాలావరకు ‘కొత్త చోట’ అంటారు, తమకు తెలిసింది వాడికీ తెలుసనుకుని. నాలుగైదేళ్లకు ‘పాత చోటే’ అనడం మొదలవుతుంది. ఆ చాక్లెట్ బదులు మన సున్నుండల డబ్బా పెట్టి అడగొచ్చు. నమ్మించగల అబద్ధం కూడా ఈ తెలివితోనే వస్తుంది. మూతికి పిండి అంటుకుని ఉండగా ‘నేను తినలేదు’ అంటే దొంగబుద్ధి అని కుమిలిపోకండి. అసలు జవాబు తెలిసిన ప్రశ్న అడగడమే మన తప్పు. ‘పాలు ఎవరు ఒలకబోశారు?’ అంటే అబద్ధానికి తలుపు తీసినట్టే. ‘పాలు ఒలికాయి, గుడ్డ తెచ్చుకో’ అంటే పని జరుగుతుంది. ఆ గుడ్డ వాళ్లకు అందే ఎత్తులో వేలాడాలి.

ఇక సాయం. ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టోమసెల్లో 2006లో ప్రచురించిన పరిశోధనలో, బట్టలారేసే మనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడితే 18 నెలల పిల్లలు ఎవరూ అడక్కుండానే తీసిచ్చారు. 2008లో వాళ్లే చూసిన ఇంకో సంగతి: సాయం చేసినందుకు బొమ్మ అందుకున్న పిల్లలు, ఆ తర్వాత సాయం తగ్గించారు. అందుకే ‘బట్టలు మడతపెడితే చాక్లెట్’ అనకండి. చేతిరుమాళ్లు మడవనివ్వండి, కరివేపాకు దూయనివ్వండి. పచ్చిబఠాణీలు ఒలిచేటప్పుడు మాత్రం పక్కనే కూర్చోవాలి, ముక్కులో పెట్టుకుంటారు.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. తమ్ముడు పుట్టిన మర్నాటినుంచి నాలుగేళ్ల ఆడపిల్ల ‘పెద్దది’ అయిపోతుంది. ‘అక్కవి కదా, నువ్వే సర్దుకుపో’ అని బొమ్మ లాక్కుని వాడికిస్తారు. ఆ తమ్ముడికే ఎనిమిదేళ్లొచ్చినా నానమ్మ అన్నం కలిపి పెడుతుంది. ఒకరి మీద పెద్దరికం రుద్దుతున్నాం, ఇంకొకరికి రాకుండా అడ్డుపడుతున్నాం. తమ్ముడు పుట్టాక అంతవరకు మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే అది వెనక్కిపోవడం కాదు, ‘నన్నూ చూడండి’ అనడం. జ్వరం వచ్చి తగ్గినప్పుడూ, సాయంత్రం అలసిపోయినప్పుడూ వచ్చిన పనులు కొన్నాళ్లు పోతాయి, మళ్లీ వస్తాయి.

స్కూలు ఆటో హారన్ కొడుతుంటే ఇవన్నీ కుదరవంటారు. నిజమే, అందుకే పది నిమిషాలు ముందు లేపమంటున్నాను. చొక్కా గుండీలు కిందినుంచి పైకి పెట్టుకోమనండి, కిందివైతే కంటికి కనబడతాయి. మెడ దగ్గరిది మీరే పెట్టండి. చెప్పులు కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేసుకుని బయల్దేరితే నోరు మెదపకండి. గేటు దాకా నడిచి, ఆగి, కాళ్ల వైపు చూసుకుని, అక్కడే కూర్చుని మార్చుకుంటారు.