మూడు నిమిషాల్లో ముగించమని అడగొద్దు

పోయినేడాది బతుకమ్మ పండగకి ఇక్కడ అమెరికాలో మా తెలుగు అసోసియేషన్ వాళ్లు ఇండియా నుంచి ఒక డప్పు బృందాన్ని పిలిపించారు. పండగకి ముందురోజు వాళ్లని ఇక్కడి ఒక ఇంటర్నెట్ రేడియోలో లైవ్ ప్రోగ్రాంకి తీసుకెళ్లే పని నాకు అప్పగించారు. బయట ముసురు, చలి. అసలైన తోలు డప్పులు కదా, చెమ్మకి మెత్తబడిపోయాయి. "మంటెక్కడ ఏసుకోవాలన్నా?" అని అడిగారు. చివరికి వ్యాన్‌లో హీటర్ పెంచి, ఒక్కో డప్పునీ ఆ వేడిగాలికి పట్టుకుని తిప్పారు. వాళ్లలో పెద్దాయన అంచు దగ్గర వేలితో కొట్టి చూసుకుంటూ, ఇంకా కాగలేదు, ఇంకా కాగలేదు అంటూ అరగంట కూర్చున్నాడు.

లోపలికి వెళ్లాక వాళ్లకిచ్చింది మూడు నిమిషాలు. నలుగురికీ కలిపి ఒకటే మైకు. దరువు అందుకునేలోపే అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపారు, ఆ వెంటనే సినిమా పాట మొదలైంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అదే తెలంగాణలో, జహీరాబాద్ దగ్గర మాచునూరులో, ఊరి ఆడవాళ్లే నడుపుకునే సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియో ఉంది. ఆకాశంలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలు రేడియో పెట్టుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకునేసరికి 2006 వచ్చింది, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకి చెందిన ఈ మహిళా సంఘాల రేడియో గాలిలోకి వెళ్లింది 2008 అక్టోబర్ 15న. అన్నేళ్లూ వాళ్లు ఊరికే కూర్చోలేదు, టేపుల్లో రికార్డ్ చేసుకుని సంఘాల మీటింగుల్లో వినిపించుకున్నారు. దాన్ని నడిపిస్తున్న జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ ఇద్దరూ ఆ పల్లెల దళిత ఆడపడుచులే. విత్తనాల పాటలు, నాట్ల పాటలు, పండగ పాటలు అక్కడ వాళ్ల యాసలోనే వస్తాయి.

మన జానపదం ఒక్కరు పాడేది కాదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి, ఆ అందుకునే లోపల పాడే మనిషికి తర్వాతి చరణం గుర్తొస్తుంది. ఒక్కావిడని స్టూడియోలో కూర్చోబెట్టి పాడమంటే రెండో చరణం దగ్గరే తడబడుతుంది. ఆవిడకి పాట రాక కాదు, వంత లేక. ఒగ్గు కథ కూడా అంతే, పక్కన డోలు, తాళాలు, మధ్యలో ఊఁ కొట్టే మనిషి లేకపోతే కథ ముందుకు కదలదు.

యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కీబోర్డూ రిథమ్ ప్యాడూ కలిపి, నాలుగు నిమిషాలకి కత్తిరించినవి. లైవ్‌లో పాడేవాళ్లు ఎదురుగా ఉన్న మనుషుల్ని చూసి పాట పెంచుతారు, వినే ఊరి పేరు కలుపుతారు, మొన్న పడ్డ వాన సంగతి కూడా అందులోకి వస్తుంది. రేపు పాడితే అది వేరే పాట.

నేను అడిగేది పెద్ద ఖర్చేం కాదు. అమెరికాలో చాలా ఊళ్లలో 100 వాట్ల లోపు నడిచే చిన్న కమ్యూనిటీ ఎఫ్ఎంలు ఉన్నాయి, మన బృందాలు వచ్చినప్పుడు వాటిలో ఒక గంట ముందుగానే మాట్లాడి పెట్టుకుందాం, మన పక్కింటివాళ్లు కూడా వింటారు. మనిషికో మైకు, డప్పులు కాచుకోవడానికి చోటు, స్టేజీ ప్రోగ్రాంకి ఇచ్చేది కాకుండా ఆ గంటకి విడిగా డబ్బు. అలాగే మన ఊళ్ల దగ్గర కమ్యూనిటీ రేడియో ఉంటే, అక్కడ పాడటానికి వచ్చేవాళ్ల బస్సు చార్జీలు, ఆ రోజు పోయే కూలీ మనం భరిద్దాం. సినిమా గాయకుల బిజినెస్ క్లాస్ టికెట్లకి చందాలు వేసుకునే మనకి ఇది భారం కాదు.

ఆ రోజు స్టూడియోలోంచి బయటికొచ్చాక పెద్దాయన ఏమీ అనలేదు. ముసురు ఆగింది. పార్కింగ్ లాట్‌లో వ్యాన్ తలుపు తీసి, ఇంకా వేడిగానే ఉన్న డప్పు తీసుకుని మొదలుపెట్టాడు, మిగతా ముగ్గురూ అందుకున్నారు. నలభై నిమిషాలు వాయించారు. వినడానికి అక్కడ ఆరుగురమే ఉన్నాం.