హెండ్రిక్స్ చూడని కోట

మొరాకోలో అట్లాంటిక్ తీరాన ఉన్న ఎస్సౌయిరాకు దక్షిణంగా కొద్ది దూరంలో దియాబత్ అనే పల్లె ఉంది. దాని పక్కనే ఇసుకలో కూరుకుపోయిన పాత సుల్తాను భవనం. అమెరికన్ రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ ఈ మొండిగోడలు చూసే ‘కాజిల్స్ మేడ్ ఆఫ్ శాండ్’ (ఇసుక కోటలు) పాట కట్టాడని అక్కడ చెబుతారు. ఆయన పేరుతో కెఫే కూడా ఉంది.

తేదీలు మాత్రం ఒప్పుకోవు. ఆ పాట ఉన్న ఆల్బమ్ బ్రిటన్‌లో 1967 డిసెంబరులోనే విడుదలైంది. హెండ్రిక్స్ ఎస్సౌయిరా వెళ్లింది 1969 వేసవిలో, అమెరికాలో జరిగిన ఉడ్‌స్టాక్ సంగీతోత్సవానికి కొంచెం ముందు. ఉన్నది కొద్ది రోజులే. అయినా కథ చావలేదు. ఇందుకు గైడ్లను తప్పుపట్టడం అన్యాయం. దూరదేశం నుంచి వచ్చినవారు ముందే తెలిసిన పేరు కోసం వెతుకుతారు. ఊరు వాళ్లకు ఆ పేరే చూపిస్తుంది.

మెక్సికోలోని తోదోస్ సాంతోస్‌లో ఇలాంటి కథే కోర్టుకెక్కింది. అక్కడ 1950లో తెరిచిన హోటల్ కాలిఫోర్నియాకూ, అమెరికన్ రాక్ బృందం ఈగల్స్ 1976లో అదే పేరుతో తెచ్చిన పాటకూ సంబంధం ఉందని జనం నమ్మారు. నిజానికి ఆ బాణీ పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని మాలిబూ తీరంలో ఉన్న ఒక అద్దె ఇంట్లో. ఈగల్స్ 2017లో హోటల్ యజమానులపై దావా వేశారు, మరుసటి ఏడాది రాజీ కుదిరింది.

నన్ను బాధపెట్టేది అబద్ధం కాదు, దాని నీడలో పడిపోతున్న నిజం. ఎస్సౌయిరా గ్నావా సంగీతానికి పుట్టిల్లు లాంటిది. సహారాకు దక్షిణాన ఉన్న నేలల నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి కాపాడుకున్న సంగీతం అది. ఒంటె తోలు బిగించిన మూడు తీగల గెంబ్రీని గురువు వాయిస్తుంటే, చుట్టూ ఉన్నవారు పెద్ద ఇనుప చిడతలతో తాళం వేస్తారు. స్వస్థత కోసం రాత్రంతా చేసే ‘లీలా’ క్రతువులో ఆ లయ తెల్లవార్లూ ఆగదు. 2019లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. హెండ్రిక్స్ గిటార్‌కు మూలమైన బ్లూస్ సంగీతాన్ని అమెరికాలో నిలబెట్టింది కూడా బానిసత్వం భరించిన ఆఫ్రికన్ల వారసులే. ఈ చుట్టరికం ముందు ఇసుక కోట కథ ఎంత?

రాక్‌కూ గ్నావాకూ రుజువున్న బంధం కూడా ఉంది. బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్‌కు చెందిన జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1994లో మొరాకోలోని మరాకేష్ నగరానికి వెళ్లి గ్నావా కళాకారులతో కలిసి రికార్డు చేశారు. హెండ్రిక్స్ కోసమే వెళ్లేవారైనా శిథిలాలకు ఓ పూట చాలు, తక్కిన రోజులు ఎస్సౌయిరాలో కోటగోడల లోపలి పాత పట్టణంలో గెంబ్రీ వాయించేవారి దగ్గర కూర్చోండి. 1998లో మొదలైన గ్నావా ఉత్సవం సాధారణంగా జూన్‌లో జరుగుతుంది, వీలైతే ప్రయాణం అప్పుడే పెట్టుకోండి.