కర్త నేను, కర్మ నాది, క్రియ కంపెనీది

కారు కొన్న మనిషి దాని లోపల కూర్చోవడం వల్ల కలిగే దుష్పరిణామాల గురించి ఇంతవరకు ఎవరూ గంభీరంగా ఆలోచించినట్టు లేదు. ఇంజను గురించి, బ్రేకుల గురించి, మైలేజీ గురించి పేజీలకు పేజీలు రాసే నిపుణులు, కారుకు అసలైన ముప్పు డ్రైవరు సీట్లో ఆసీనమయ్యే మానవ దేహమేనన్న సంగతిని ఎందుకో దాటవేస్తూ వచ్చారు. ఆ లోటును వారంటీ విభాగం వారు పూడ్చారు. వారి పరిశోధనకు నా దేహమే నమూనాగా ఉపయోగపడినందుకు గర్విస్తూ, ఆ అనుభవాన్ని సాటి యజమానుల మేలు కోరి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మా కారుకు అప్పటికి పదకొండు నెలలు. తిరిగింది 9,400 కిలోమీటర్లు. ఒకరోజు ఆఫీసు దగ్గర దిగి చూసుకుంటే ఎడమ అరచేతికి నల్లని రేణువులు అంటుకుని ఉన్నాయి. మసి అనుకుని కడుక్కున్నాను. మర్నాడు మళ్ళీ అవే. మూడో రోజు కళ్ళద్దాలు పెట్టుకుని స్టీరింగును పరికించి చూస్తే, చెరువు ఎండినప్పుడు అడుగున బురద పెంకులు లేచినట్టు, దాని పైపొర అంచులు విప్పుకుని పైకి లేచి ఉంది. గోటితో తాకగానే గింజంత పెంకు రాలింది, దాని కింద బూడిదరంగు నేతబట్ట కనిపించింది. అమ్మేటప్పుడు దానిని ‘ప్రీమియం’ అని పిలిచారు కాబట్టి తోలేమోనని నేను అనుకున్నాను. ఆ మాట వాళ్ళు ఎప్పుడూ అనలేదని తరువాత బ్రోషరు తీసి చూస్తే తెలిసింది. అదే ఊపులో సీటు కూడా చూశాను. తలుపు వైపు ఉబ్బెత్తుగా ఉండే అంచు మీద రెండు వేళ్ళ పొడవున కుట్టు విడిపోయి, లోపలి స్పాంజి లోకాన్ని చూస్తోంది.

ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య అన్న సామెత ఎంత పాతదో తెలియదు గాని, షోరూముకూ సర్వీసు కౌంటరుకూ మధ్య ఉండే ఆ ముప్పై అడుగుల దూరాన్ని అంత కచ్చితంగా కొలిచిన వాక్యం మరొకటి లేదు. సర్వీస్ అడ్వైజరు చాలా మర్యాదస్తుడు. స్టీరింగు మీద చూపుడు వేలు ఒక్కసారి నెమ్మదిగా తిప్పి, నాడి పట్టిన వైద్యుడిలా కళ్ళు సగం మూసుకుని, ‘సార్, మీకు చెమట ఎక్కువా?’ అని అడిగాడు. మనిషికి ఉండవలసినంతే ఉందన్నాను. ‘ఉంగరం పెట్టుకుంటారా?’ కుడిచేతికి, పొర లేచింది ఎడమవైపు అన్నాను. ‘చేతులకు క్రీము రాస్తారా? శానిటైజరు వాడతారా? జీన్స్ వేసుకుంటారా? వెనక జేబులో పర్సు పెడతారా? దిగేటప్పుడు సీటు మీద జారుతూ దిగుతారా?’ జారకుండా దిగడమెలాగో నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఆయన ముఖంలో కేసు తేలిపోయిన పోలీసు అధికారి ప్రశాంతత కనిపించింది. ‘అదే సార్, వాడకం వల్ల అరిగింది. వేర్ అండ్ టేర్. వారంటీలోకి రాదు.’

ఇక్కడ ఆయన ప్రదర్శించిన తర్కాన్ని తక్కువ చేయకూడదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని మన నైయాయికులు ఏనాడో సాధించారు. అరుగుదల ఉన్నచోట యజమాని ఉంటాడని వారంటీ శాస్త్రం దానికి కొత్త ఉదాహరణ చేర్చింది. నిజానికి వారంటీ పుస్తకంలో రాసింది సూటిగానే ఉంటుంది: పదార్థంలోగాని పనితనంలోగాని లోపం ఉంటే కంపెనీ బాగు చేస్తుంది, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను చేయదు. అన్యాయమేమీ లేదు; వైపర్ రబ్బరును, బ్రేకు ప్యాడ్లను కలకాలం మార్చి ఇమ్మని ఎవరూ అడగరు. చిక్కల్లా ఆ ‘మామూలు’ దగ్గరే ఉంది. అది ఎన్ని నెలలు, ఎన్ని వేల కిలోమీటర్లు, ఎంత బరువున్న మనిషి, రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగితే మామూలు అన్నది నాకిచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు. ఉపనిషత్తులు బ్రహ్మ పదార్థాన్ని ‘నేతి నేతి’ అని వర్ణించినట్టే, మా వారంటీ పుస్తకం కూడా ఇది కాదు, ఇది కాదు అంటూ వర్ణిస్తుంది; అన్నీ తీసేయగా మిగిలినదే వారంటీ.

అడ్వైజరు ఆ మాట అన్న వెంటనే, కారుకు చేయవలసిన పని నమోదు చేసే జాబ్ కార్డులో కస్టమరు ఫిర్యాదు అన్న గడిలో ‘స్టీరింగ్ అరిగింది, సీటు అరిగింది’ అని టైపు చేసేశాడు. సంతకం కోసం కలం ఇచ్చాడు. చిన్నప్పుడు తెలుగు మాస్టారి చేత తిన్న దెబ్బలు ఆ క్షణంలో అక్కరకొచ్చాయి. నేను చెప్పింది ‘పొర ఊడుతోంది’ అని, ‘కుట్టు విడిపోయింది’ అని. కాగితం మీదికి వచ్చేసరికి క్రియ మారిపోయింది. అరగడం అన్న క్రియ ఒంటరిగా రాదు. దాని వెనక అరగదీసిన కర్త ఒకడు చాటుగా నిలబడి ఉంటాడు, వాడి పేరు ఆర్సీ పుస్తకంలో ఉంటుంది. ఊడడం అలా కాదు. ఊడేది తనంతట తానే ఊడుతుంది, సరిగా అతకనందువల్ల ఊడుతుంది. ‘అరిగింది’ అని సంతకం పెడితే కర్తను నేను, కర్మ కూడా నాదే. అటుపైన కంపెనీకి ఫొటోలు వెళ్ళినా, ఆ ఫొటోలను చూసేవాడు ముందుగా చదివేది కస్టమరు తన నోటితో ఒప్పుకున్న ఆ ఒక్క మాటనే. నేను కలం మూతపెట్టి వెనక్కిచ్చాను.

క్రియ కోసం పోట్లాడాలంటే పదార్థం గురించి కొంత తెలియాలి కాబట్టి ఆ వారమంతా చదివాను. కారు లోపల తోలుగా చెలామణీ అయ్యే వాటిలో ఎక్కువ భాగం, నేతబట్ట మీద పీవీసీగాని పాలీయురేథేన్‌గాని పూతగా పోసి, దానిమీద తోలు గీతలు అచ్చు వేసినదే. అసలు తోలుకు కూడా రంగుపూత, దానిమీద రక్షణ పూత ఉంటాయి. ఆ పూతల మందం 0.15 మిల్లీమీటర్లు దాటితే దానిని వట్టి ‘తోలు’ అనకూడదని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కాబట్టి మన చేయి తగిలేది ఎప్పుడూ ఆ పల్చని పూతకే. పాలీయురేథేన్‌లో కొన్ని రకాలు తేమనూ వేడినీ కలిపి తట్టుకోలేవు. నీటి అణువులు దాని అణువుల గొలుసులను తెంపుతూ పోతాయి, దీనినే జలవిశ్లేషణ అంటారు. ఒకప్పుడు ముచ్చటగా మెత్తగా ఉన్న డాష్‌బోర్డు బొత్తాలు కొన్నాళ్ళకు బెల్లంపాకంలా వేలికి అంటుకోవడానికి కారణం సాధారణంగా ఇటువంటి క్షయమే. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటడం వింత కాదు. ఇవి కంపెనీ ప్రయోగశాలకు తెలియని రహస్యాలా అంటే కానే కావు. పూత పూసిన బట్టలను మార్టిన్‌డేల్ యంత్రం మీద ఉన్నిబట్టతో వేలసార్లు రుద్ది చూసే పద్ధతి ఉంది. సోఫాలకూ సీట్లకూ వాడే బట్టలను ఆ యంత్రం మీద 12 కిలోపాస్కల్‌ల ఒత్తిడితో రుద్దుతారు. సూర్యకాంతికి బదులు జీనాన్ దీపాల కింద వందల గంటలు ఉంచుతారు. అంటే, మనిషి కూర్చుంటాడని వాళ్ళు ముందే ఊహించారు. ఊహించిన మనిషే తీరా వచ్చి కూర్చుంటే ఎందుకంత ఆశ్చర్యపోతారో మాత్రం ఏ ప్రమాణంలోనూ రాయలేదు.

అడ్వైజరు ప్రశ్నలన్నీ వట్టివని కూడా అనను. శానిటైజరులోని ఆల్కహాలు పూతను మెత్తబరుస్తుంది, దోమల మందులోని డీట్ కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది, కొత్త జీన్స్ నీలిరంగు లేతరంగు సీటుకు పట్టుకుంటే ఒక పట్టాన పోదు. కాని ఇవి చేసే హాని ఒకలా ఉంటుంది, లోపం చేసే హాని మరొకలా ఉంటుంది. నిజంగా అరిగితే ముందు ఆ చోటు నున్నబడి మెరుస్తుంది, తరువాత అచ్చు గీతలు చెరుగుతాయి, ఆ తరువాత రంగు పలచబడుతుంది, చివరికెప్పుడో బట్ట కనిపిస్తుంది; నట్టనడుమ ఎక్కువగా, చుట్టూ పోను పోను తక్కువగా ఉంటుంది. నా స్టీరింగు మీద రాలిన పెంకు మీద గీతలు షోరూములో ఉన్నంత స్పష్టంగా ఉన్నాయి. పైన ఏమీ చెరగకుండా కింద మాత్రమే పట్టు వదిలిందంటే అది నా చేయి చేసిన పని కాదు, జిగురో పూతో చేసిన పని. సీటు కుట్టు సంగతీ అంతే: దారం పీచులు పీచులుగా చిట్లితే రాపిడి, దారం గట్టిగా ఉండి సూది రంధ్రాలు మాత్రం సాగిపోతే, అంచు చాలకుండా కుట్టిన కుట్టు. ఇంకొక సాక్షి ఉంది. ఎడమచేయి ఆనే చోటే కాదు, ఎవరి చేయీ తగలని స్టీరింగు అడుగు భాగంలో, ఆకుల వెనక కూడా పొర లేవడం మొదలైంది. అక్కడికి నా చెమట ఎలా ప్రయాణించిందో చెప్పమని అడ్వైజరును అడిగితే, ఏసీ గాలి వల్ల కావచ్చునన్నాడు. ఆయన ఊహాశక్తికి వారంటీ లేదు గాని, ఉండవలసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను వేరే మనిషిని. ఫొటోలు తీశాను, ప్రతి ఫొటోలో పక్కన స్కేలు, ఒకే వెలుతురు, ఓడోమీటరు అంకె కనిపించే చిత్రం ఒకటి విడిగా. రాలిన పెంకును పారేయకుండా చిన్న కవరులో పెట్టి తేదీ వేశాను. ఇంట్లో వాళ్ళు ఆ కవరును చూసి నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ అప్రస్తుతం. యజమాని పుస్తకంలో లోపలి భాగాలను ఎలా తుడవాలని రాసి ఉందో ఆ పేజీకి గుర్తు పెట్టుకున్నాను, ఎందుకంటే తుడిచిన తీరు తప్పన్నది వారి తరువాతి వాదన. ఆ వాదన వచ్చింది కూడా: ‘డాష్‌బోర్డు పాలిష్ ఏమైనా వాడారా సార్?’ వాడానన్నాను. ఏ కంపెనీది అని అడిగాడు. కారు తీసుకున్న రోజున ఇదే కౌంటరులో ఇదే బిల్లులో కలిపి అంటగట్టినది అని బిల్లు చూపించాను. ఆ తరువాత పాలిష్ ప్రస్తావన మళ్ళీ రాలేదు. క్లెయిమును తిరస్కరిస్తే ఆ ముక్కను కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వమని నెమ్మదిగా అడిగాను. నోటితో ‘రాదు సార్’ అనడానికి ఒక క్షణం పట్టని మనిషికి, అదే మాట కాగితం మీద పెట్టమంటే పై అధికారి గుర్తుకు వచ్చాడు.

పై అధికారి ఇంకా దయాళువు. ఇకమీదట ఇటువంటివి రాకుండా సీటుకు కవరు వేయించుకోమని సలహా ఇచ్చాడు, పక్కనే యాక్సెసరీల గది ఉందని చేయి చూపించాడు. మా సీటు పక్క కుట్టులోనే ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న చీటీ ఉంది. ప్రమాదం జరిగితే ఆ కుట్టును చీల్చుకునే ఆ సంచి బయటికి రావాలి. దానికి తగనట్టుగా తయారైన కవరును బిగిస్తే అది రావలసిన దారికి అడ్డు పడవచ్చునని యజమాని పుస్తకమే హెచ్చరిస్తోంది. అంటే నా ముందున్నవి రెండు దారులు: సీటును కాపాడుకోవడం, నన్ను నేను కాపాడుకోవడం. రెండింటిలో దేనికి వారంటీ ఉందని అడిగాను. ఆయన నవ్వి, ఫొటోలు కంపెనీకి పంపిస్తానన్నాడు.

పద్దెనిమిది రోజుల తరువాత కబురు వచ్చింది. లోపమున్నట్టు ఒప్పుకోకుండా, అరిగినట్టు నిరూపించకుండా, ‘ఈ ఒక్కసారికి, సద్భావంతో’ స్టీరింగునూ సీటు కవరు చర్మాన్నీ మార్చడానికి అంగీకరించారు. తప్పు చేయనివాడిని క్షమించడమన్న ప్రక్రియ నాకు కొత్తది గాని, అభ్యంతరం చెప్పలేదు. బ్యాటరీ తీగ తీసి, కాసేపు ఆగి, ఎయిర్‌బ్యాగును విప్పి, పాత చక్రం స్థానంలో కొత్తది బిగించారు. డబ్బా మీద పార్టు నంబరు చూశాను, పాతదాని నంబరే. మార్చిన భాగానికి వారంటీ కొత్తగా మొదలు కాదని, పాత వారంటీలో మిగిలిన కాలమే దానికీ వర్తిస్తుందని అడ్వైజరు గుర్తు చేశాడు.

చివరగా జాబ్ కార్డు మూసే కాగితం ఇచ్చాడు. ‘అరిగిన స్టీరింగ్ మార్చబడినది’ అని ఉంది. నేను చదివి కాగితాన్ని వెనక్కి జరిపాను. ఆయన నావైపు చాలాసేపు చూసి, ‘సార్, పని అయిపోయింది కదా’ అన్నాడు. రేపు ఇదే చక్రం మళ్ళీ పెంకులు లేస్తే ఆ మాటే మాట్లాడుతుందన్నాను. ఆయన నిట్టూర్చి, ‘అరిగిన’ కొట్టేసి ‘పొర ఊడిన’ అని టైపు చేశాడు. ప్రింటరులో కాగితం అయిపోయిందట, ఐదు నిమిషాలు కూర్చోమన్నాడు. కస్టమర్ల కోసం వేసిన సోఫాలో కూర్చున్నాను. మోచేయి ఆనే చోట దాని రెక్సిన్ పొర లేచి, కింద బూడిదరంగు బట్ట కనిపిస్తోంది. అరిగిందో ఊడిందో నేను అడగలేదు.